ఎడమ తెడ్డు

హైమవతికి శుభ్రత పిచ్చి. గట్టు తుడిచిన గుడ్డను కూడా ఉతికి ఆరేస్తే గానీ వంటిల్లు వదిలి రాదు. కంప్యూటర్ విషయంలోనూ అంతే. వాడని సాఫ్ట్‌వేర్ ఒక్కటి కంటబడితే చాలు, ఒంటి మీద చీమ పాకినట్టు గింజుకుంటుంది. ఆ పిచ్చే ఆమె కొంప ముంచింది.

ఆ ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, హాల్లో ఉన్న డెస్క్‌టాప్‌ను 'అంబరం' కొత్త వెర్షన్‌కు మార్చడానికి కూర్చుంది. అంబరం ఆమె, ఆమె మొగుడు పనిచేసే ల్యాబులో తయారైన ఆపరేటింగ్ సిస్టమే. ఎవరైనా ఊరికే ఎక్కించుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. కర్నూలు చుట్టుపక్కల చాలా బళ్ళలో పిల్లల కంప్యూటర్ల మీద అదే నడుస్తుంది. కొత్త వెర్షన్ ఎక్కడం పూర్తయ్యాక తెర మీద పేర్ల వరస ఒకటి వచ్చింది. 'ఈ ప్యాకేజీలు ఇక అవసరం లేదు. తీసేయమంటారా?' ఏమీ టైపు చేయకుండా ఎంటర్ కొడితే అవుననే అర్థం. హైమవతి ఎంటర్ కొట్టింది. ఆ వరస చదవలేదు. ఆ ప్రశ్నను తెలుగులో రాసి అక్కడ పెట్టిందే ఆమె, ఇక చదివేదేముంది!

కాఫీ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తెర మీద 'పుట్టి' ఆట బొమ్మను నొక్కబోయింది. బొమ్మ లేదు.

ఇందులో ఎవరి కుట్రా లేదు. పుట్టి ఆటను ఆ కంప్యూటర్‌లో ఎవరూ పేరు పెట్టి అడిగి ఎక్కించుకోలేదు. 'బడిసంచి' అనే పెద్ద మూట ఎక్కిస్తే దాని వెంట తనంతట తానే వచ్చి కూర్చుంది. కొత్త వెర్షన్‌లో బడిసంచిని మానేశారు. మూట పోయాక, దాని వెంట వచ్చినవాటిని ఎవరూ కోరలేదు కాబట్టి అవి అక్కర్లేదని కంప్యూటర్ అనుకుంది. సరే, ఆట పోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. కానీ ఆటతో పాటు దాని ఫోల్డరూ ఖాళీ అయిపోయింది. ఏ సాఫ్ట్‌వేరైనా పోయేటప్పుడు తన చెత్త తానే ఊడ్చుకుని పోవాలని ల్యాబులో నియమం పెట్టింది హైమవతే, ఆ ఊడ్చే నాలుగు వరసలూ రాసింది హైమవతే. ఆ ఫోల్డర్లో ఉన్నది చెత్త కాదు. అందులో ఆమె కూతురు భద్ర చెయ్యి ఉంది.

మొగుడికి ఫోన్ చేసింది. చంద్రమౌళి అప్పుడు రైతుబజారులో వంకాయలు ఏరుతున్నాడు.

"ఏమండీ, పాప పోయింది."

ఏడాదిన్నర కిందట ఆస్పత్రి వరండాలో నిలబడి ఆమె ఈ మాటే అంది, ఇదే గొంతుతో. మౌళి సంచీ అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి, లేకపోతే ఈ చెయ్యి సంగతేమిటో అర్థం కాదు.

ఊరి శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, అందులో మెట్ల పక్కన ఒక గది, అదే ల్యాబు, గదిలో ముగ్గురు. మౌళి ప్రోగ్రాములు రాస్తాడు. హైమవతి వాటిని ప్యాకేజీలుగా కట్టి, ఏ కంప్యూటర్‌లో అయినా గొడవ లేకుండా ఎక్కేట్టు, దిగేట్టు చూస్తుంది. నస్రీన్ వాటిని తీసుకుని బళ్ళు తిరుగుతుంది, పిల్లలు ఏమన్నారో వచ్చి ఉన్నదున్నట్టు చెబుతుంది. బళ్ళలో ఇద్దరు పిల్లలకు ఒక కంప్యూటర్. అందుకని మౌళి ఇద్దరాడే ఆట రాశాడు. తుంగభద్రలో తిరిగే గుండ్రటి బుట్ట పడవ, పుట్టి ఉంది కదా, అదే. ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు. మీట ఎంతసేపు నొక్కిపెడితే తెడ్డు అంత లోతుగా పడుతుంది. ఒకరి తెడ్డు చూసుకుని ఇంకొకరు వేస్తేనే అవతలి ఒడ్డు. ఒక్కరే వేస్తే పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అంతకు మించి ఆటలో ఏమీ లేదు, అయినా పిల్లలు దానికోసం ఎగబడ్డారు.

చిక్కల్లా ఒక్కటే. మిరపకోతలకు అమ్మానాన్నల వెంట సగం మంది పిల్లలు వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళు జతగాళ్ళు లేక దిగాలుగా కూర్చునేవాళ్ళు. వాళ్ళ కోసం మౌళి 'జత' కనిపెట్టాడు. ఇద్దరు ఆడుతున్నంతసేపూ అది చాటున ఉండి ఒక్కొక్కరి వేళ్ళు గమనిస్తుంది. వీడు ఎంత నొక్కుతాడు, ఎక్కడ తడబడతాడు, పక్కవాడు వెనకబడితే ఆగుతాడా, విసుక్కుని లాగేస్తాడా? అదంతా నేర్చుకుని, వాడు రాని రోజు వాడి తెడ్డు అది వేస్తుంది. అట్లా నేర్చుకుని ఫైలులో దాచుకున్న తీరునే ల్యాబులో 'చెయ్యి' అనేవాళ్ళు. కోడుమూరు దగ్గర ఒక బడిలో మొదటిసారి పెట్టినప్పుడు నాలుగో తరగతి పిల్లోడు కాసేపు ఆడి కెవ్వుమన్నాడట. "మేడమ్! మా ఖాసీంగాడు దీంట్లోకి యాడనుంచి వచ్చినాడు? వాడూ ఇంతే, ఒడ్డు కనబడితే ఇంక ఆగడు!" నస్రీన్ వచ్చి ఆ మాట చెబితే మెట్ల పక్క గది నవ్వులతో దద్దరిల్లింది.

ఒక లోపం మాత్రం ఉంది. జత నేర్చుకోవడం ఆపదు. ఎవరితో ఆడితే వాళ్ళ తీరు కొద్దికొద్దిగా అంటించుకుంటుంది. పైగా ఆట అయిన ప్రతిసారీ కొత్త చెయ్యిని పాతదాని మీదే రాసేస్తుంది. పాతవి కూడా దాచిపెడదామని మౌళి అన్నాడు. హైమవతి ఒప్పుకోలేదు. "బళ్ళలో డిస్కులు ఎంతెంత ఉంటాయని? ఒక్కటి చాలు, మిగతాదంతా చెత్తే" అంది. మౌళి సరేనన్నాడు. ప్యాకేజీల విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

జత నేర్చుకున్న మొట్టమొదటి చెయ్యి భద్రది. పన్నెండేళ్ళ పిల్ల, నాయనమ్మ పేరు పెట్టారని రోజూ పేచీ. "భద్ర ఏంది మా, నాకేమన్నా అరవై ఏళ్ళా?" అని మూతి ముడిచేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ సోఫా మీద గిరాటేసి పుట్టిలో ఎడమ పక్క కూర్చునేది. రెండు పొట్టి తెడ్లు, ఒక పొడుగు తెడ్డు, ఆ తర్వాత అమ్మ కోసం ఒక్క క్షణం ఆగడం, ఇదీ దాని తీరు. ఒడ్డు చేరాక తిన్నగా దిగుతుందా, దిగదు. తన తెడ్డు ఒక్కటే వేసి పుట్టిని గిర్రున తిప్పేది. "దిగవే తల్లీ, అన్నం చల్లారిపోతాంది!" అని హైమవతి అరిస్తే, "ఒక్క రౌండు మా!" అని మళ్ళీ తిప్పేది. తండ్రి తెడ్డంటే దానికి ఒకటే నవ్వు. మౌళికి పొట్టీ లేదు, పొడుగూ లేదు, అన్నీ బండదెబ్బలే. "నాన్నా, నువ్వు తెడ్డు వేయట్లేదు, రోకలితో దంచుతాండావు" అనేది.

ఒక జూన్ నెలలో, భద్ర బడికి పోయిన మధ్యాహ్నం పూట, హైమవతి కొత్త ప్యాకేజీ పరీక్షిస్తూ భద్ర జతతో ఆడింది. పుట్టి మాటిమాటికీ ఎడమకు తిరిగిపోతోంది. "ఎడమ తెడ్డు ఆలస్యంగా పడుతోందండీ. మీ ప్రోగ్రాములో ఏదో తేడా ఉంది, చూడండి" అని మొగుడికి చెప్పింది. మౌళి నెల పొడుగునా దానితో కుస్తీ పట్టాడు. చివరికి ఆలస్యంగా పడే తెడ్డును ముందుకు జరిపే సవరణ ఒకటి రాశాడు. పుట్టి తిన్నగా పోయింది. "ఇప్పుడు బాగుంది" అంది హైమవతి.

ఆగస్టులో భద్ర చేతిలోంచి అన్నం పళ్ళెం జారిపడింది. తర్వాత పెన్ను జారింది. తర్వాత బడి మెట్ల మీద కాలు మడతపడింది. హైదరాబాదు తీసుకుపోతే నరాల జబ్బన్నారు. కార్తీకమాసం వెళ్ళకముందే పిల్ల వెళ్ళిపోయింది. ఇంతకంటే వివరంగా చెప్పడం నా వల్ల కాదు.

దినాలయ్యాక చాలా రోజులు మౌళి ఆ కంప్యూటర్ ముందే కూర్చుని ఉండేవాడు. పనిలో పడి దుఃఖం మరిచిపోతున్నాడు కాబోలనుకుని హైమవతి అటు పోలేదు. ఒక మధ్యాహ్నం అతనే పిలిచాడు. "హైమా, ఒకసారి ఆడి చూడు." ఆమె కుడి పక్క కూర్చుంది. రెండు పొట్టి తెడ్లు. ఒక పొడుగు తెడ్డు. ఒక్క క్షణం ఆగడం. ఒడ్డు చేరగానే పుట్టి గిర్రున తిరిగింది. హైమవతి పెట్టిన ఏడుపుకు పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. ఆ రోజు నుంచి అన్నం తిన్నాక ఒక్కసారి నది దాటి వస్తేనే ఆమెకు రోజు గడిచేది. ఆ తెడ్డు కోసమే లేచేది, స్నానం చేసేది, ల్యాబుకు పోయేది. ఆ ఆదివారం ఎంటర్ కొట్టి పోగొట్టుకున్నది దాన్నే.

మౌళి వచ్చి డిస్కంతా గాలించాడు. ఇది కొత్త రకం డిస్కు, తీసేసినదాన్ని అప్పటికప్పుడే తుడిచేస్తుంది. ఏమీ దొరకలేదు. హైమవతి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "నేనే ఊడ్చేసినా. నా చేత్తో నేనే ఊడ్చేసినా" అని అదే మాట. మౌళి పక్కన కూర్చుని వీపు నిమిరాడు. ఓదార్చాడు, తినమని బతిమాలాడు. కానీ అతని జేబులోనో బీరువాలోనో ఇంకొక కాపీ ఉందన్న మాట మాత్రం అనలేదు.

ఆ మాట సోమవారం నస్రీన్ నోట వచ్చింది. ఆమెకు దాపరికం తెలియదు. "అదేంది అన్నా, పాపను హైదరాబాదు తీసుకుపోయే ముందురోజు నువ్వు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నావు కదా? ఆ పెన్‌డ్రైవ్ నా దగ్గరే కదా అడిగి తీసుకున్నావు."

హైమవతి మొగుడి వైపు చూసింది. మౌళి కళ్ళు దించుకున్నాడు.

"ఉందా?"

"ఉంది. వద్దు హైమా. అది తెరవొద్దు."

"ఎందుకు వద్దు?"

"అది... అది బాగలేదు. చెప్తాన్నా కదా, వద్దు."

పెళ్ళయిన నాటి నుంచి హైమవతి అతన్ని మీరనే అంటుంది. ఆ పొద్దు ఆ అలవాటు తెగిపోయింది. "నిన్నంతా నేను గోడకు తల కొట్టుకుంటాంటే పక్కన కూర్చుని చూసినావా? నా బిడ్డను నాకియ్యడానికి నీకేం అడ్డమొచ్చింది? నువ్వసలు మనిషివేనా?"

నస్రీన్ గ్లాసులు కడిగే వంకతో బయటికి పోయింది. మౌళి ఇంటికి వెళ్ళి, బీరువాలో భద్ర గాజుల డబ్బా అడుగున ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ల్యాబులో ఉండలేక మళ్ళీ వెళ్ళిపోయాడు.

చెయ్యి దొరికింది, ఇప్పుడు ఆట కావాలి. పుట్టిని కొత్త అంబరానికి ఎవరూ ప్యాకేజీగా కట్టలేదు. మౌళి రాసిన మూల ప్రోగ్రాము నుంచి తామే కట్టుకోవాల్సిందే. హైమవతి పైట బిగించి కూర్చుంది. ఆట నడవడానికి కావలసిన ఒక లైబ్రరీ లేదంది. తెచ్చి పెట్టింది. దానికి ఇంకో పాతది కావాలంది. ఆ పాతదాన్ని, ప్రోగ్రామును ఆటగా మార్చే కొత్త కంపైలర్ ఛీకొట్టింది. పేజీలకు పేజీలు ఎర్ర అక్షరాలు. ఇంకో రోజైతే నవ్వుతూ చేసే పనే, ఇరవై ఏళ్ళ అనుభవం. ఇప్పుడు ఒక్కొక్క ఎర్ర వరసా తన బిడ్డకు అడ్డం నిలబడినట్టు పళ్ళు కొరుకుతూ, తిడుతూ, మీటలు విరిగేట్టు కొడుతూ చేసింది. నస్రీన్ టీ తెచ్చి పెట్టింది, చల్లారిపోయాక తీసుకుపోయింది, మళ్ళీ తెచ్చింది.

"అక్కా, ఒకటి అడుగుతా, కోపం చేసుకోవు కదా?" అంది మూడోసారి టీ పెడుతూ. "బళ్ళలో జతలన్నీ నెల తిరిగేసరికి ఆడేవాళ్ళ మాదిరే అయిపోతాన్నాయి. ఖాసీంగాని జత ఇప్పుడు ఖాసీం కాదు, పక్కన ఆడేవాడే. మొన్న చూస్తే వానితో వాడే ఆడుకుంటాన్నాడు పాపం. మరి ఏడాదిన్నర నువ్వొక్కదానివే ఆడితే, పాప చెయ్యి ఏమీ మారలేదా?"

"మారలేదు" అంది హైమవతి తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "నా బిడ్డది మొండి చెయ్యి." ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు గర్వంగా కూడా ఉంది. నస్రీన్ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఎర్ర అక్షరాలు ఆగాయి. ఆట కట్టడం పూర్తయింది. హైమవతి దాన్ని ఇంటికి తెచ్చి డెస్క్‌టాప్‌లో ఎక్కించింది. ఈసారి పేరు పెట్టి అడిగి ఎక్కించింది, ఇంకెప్పుడూ అక్కర్లేదనకుండా. భద్ర చెయ్యిని పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసి దాని చోట పెట్టింది. మౌళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికీ రాడు, బయటికీ పోడు.

ఇసుక ఒడ్డు, నీళ్ళు, పుట్టి. హైమవతి కుడి తెడ్డు వేసింది. ఎడమ తెడ్డు పడలేదు. పుట్టి పక్కకు తిరిగింది. అప్పుడు పడింది, పైపైన, నీళ్ళను తాకీతాకనట్టు. ఆమె మళ్ళీ వేసింది. ఎడమ తెడ్డు మళ్ళీ వెనకబడింది. రెండు పొట్టివి లేవు, ఒక పొడుగుది లేదు. ఒకటి వేసి ఆగుతోంది, ఇంకొకటి వేయబోయి మధ్యలోనే వదిలేస్తోంది. నది నడుమ పుట్టి దిక్కు తెలియకుండా తిరుగుతోంది.

"ఇది పాప కాదు" అంది హైమవతి. "ఫైలు పాడైపోయింది. ఇది నా బిడ్డ చెయ్యే కాదు." ఇంకా ఆడింది. ఆమె ఎంత తొందరపెడితే ఎడమ పక్క అంత తడబడింది. చేతులెత్తేసి మొగుడి వైపు తిరిగింది.

"చూడండి, ఎడమ తెడ్డు ఆలస్యంగా పడుతోందండీ. మీ ప్రోగ్రాములో ఏదో..."

ఈ మాట తను ఇంతకుముందు అంది. ఇదే కుర్చీలో కూర్చుని, ఇట్లాగే వెనక్కి తిరిగి, ఆ జూన్ నెలలో అంది.

మౌళి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"అది ప్రోగ్రాము తప్పు కాదు హైమా" అన్నాడు. "ప్రోగ్రాము బాగానే ఉండె. పాప చెయ్యే అప్పటికి..." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "జత సరిగ్గానే నేర్చుకున్యాది. పాప ఎట్లా వేస్తే అట్లా వేసింది. మనకందరికంటే ముందు దానికి తెలిసింది. నేనేం చేసినా? నెలంతా కూర్చుని దాన్ని సరిచేసినా. పిల్ల చెయ్యి పడిపోతాంటే, అది కనబడకుండా సవరణ రాసినా. హైదరాబాదులో డాక్టరు ఇంకా ముందే ఎందుకు తీసుకురాలేదని అడిగినప్పుడు నాకర్థమైంది. ఆ రాత్రే వచ్చి సవరణ తీసేసినా. తీసి ఏం లాభం?"

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ తేడా మొదట చెప్పింది నువ్వు. నువ్వే పట్టుకున్నావు. అది తెలిస్తే నువ్వు బతుకుతావా?"

హైమవతి ఏడవలేదు. తెర వైపు చూస్తూనే ఉంది. కుడి తెడ్డు ఆగిపోవడంతో ఎడమ తెడ్డూ ఆగి, ఆమె కోసం ఎదురుచూస్తోంది.

"మరి ఏడాదిన్నర నేను ఆడింది ఎవరితో?" అని అడిగింది.

మౌళి తన చేతుల వైపు చూసుకున్నాడు. "దినాలయ్యాక తెరిచి చూసినా. ఇట్లా ఉండె. నువ్వు ఆడితే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. అందుకని పాప పక్క నేను కూర్చున్యా. బాగున్నప్పుడు అది ఎట్లా వేసేదో గుర్తు తెచ్చుకుని అట్లా వేసినా. రెండు పొట్టివి, ఒక పొడుగుది. మొదట్లో రాలేదు, ఎన్ని వందలసార్లు వేసినానో! తర్వాత నువ్వు రోజూ ఆడితే అది నీ మాదిరి అయిపోతాండె. పొద్దున నువ్వు స్నానానికి పోయినప్పుడు మళ్ళీ కూర్చుని పాప మాదిరి చేసేవాణ్ణి. రోజూ."

అంటే తను పిచ్చిదానిలా మురిసిపోయింది మొగుడి తెడ్డు చూసి. మొండి చెయ్యని గర్వపడింది అతని చేతిని చూసి. నిజంగా తన బిడ్డ చెయ్యి వచ్చి పక్కన కూర్చుంటే, ఇది నా బిడ్డ కాదు పొమ్మంది. ఆ మాట తలుచుకుని హైమవతి బల్ల మీద తల పెట్టుకుని, గొంతు పోయేదాకా ఏడ్చింది. మౌళి దగ్గరికి రాలేకపోయాడు.

ఏడుపు తగ్గాక ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది. ఈసారి తొందరపడలేదు. తెడ్డు మెల్లగా, పైపైన వేసి ఆగింది. ఎడమ తెడ్డు వచ్చేదాకా ఆగింది. అది సగంలో వదిలేస్తే తనూ సగంలోనే వదిలేసింది. పుట్టి తిరగడం మానేసి, అంగుళం అంగుళం ముందుకు జరిగింది. నడిమధ్యలో ఎడమ తెడ్డు పూర్తిగా ఆగిపోయింది. హైమవతి మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఆ జూన్‌లో ఒక్కసారి ఇట్లా ఆగి ఉంటే, ఇదెందుకింత అలిసిపోతోందని ఒక్కసారి అడిగి ఉంటే! తెడ్డు మళ్ళీ కదిలింది.

చాలాసేపటికి ఒడ్డు తగిలింది. ఆట అయిపోయినట్టే. కానీ ఎడమ తెడ్డు ఊరుకోలేదు. ఒంటరిగా నీళ్ళలో పడింది. పుట్టిని తిప్పాలని చూసింది. సగం తిరిగింది పుట్టి, అక్కడ ఆగిపోయింది. తెడ్డు ఇంకోసారి లేవబోయింది, లేవలేదు.

"చాల్లే తల్లీ" అంది హైమవతి. "చాల్లే, దిగు."

ఆట మూసేసింది. పెన్‌డ్రైవ్ పీకి మౌళి చేతికిచ్చింది. "గాజుల డబ్బాలో పెట్టేయండి. రోజూ దాన్ని లేపి ఆ నీరసంలో తెడ్డు వేయించలేను. అట్లాగని ఇంకోరి చెయ్యిని పాపా అని పిలవనూ లేను."

మౌళి తలూపాడు. పెన్‌డ్రైవ్ దాచి వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. జతను తీసేసి ఆటను మొదటి నుంచి తెరిచింది. ఎడమ పక్క కుర్చీ లాగింది.

"కూర్చోండి."

"నేనా?"

"మీరే. పాప మాదిరి కాదు. మీ మాదిరి ఆడండి. ఆ రోకలితో దంచినట్టు."

ఏడాదిన్నరలో మొదటిసారి ఇద్దరూ ఆట ముందు పక్కపక్కన కూర్చున్నారు. హైమవతి కుడి తెడ్డు వేసింది. మౌళి వేలు మీట మీదికి పోయింది. రెండు పొట్టి తెడ్లు. ఒక పొడుగు తెడ్డు. ఒక్క క్షణం ఆగడం.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. గట్టిగా కొట్టబోయాడు. రెండు పొట్టివి, ఒక పొడుగుది. పళ్ళు బిగించి ఇంకోసారి చూశాడు. చెయ్యి వినలేదు.

"రావట్లేదు హైమా" అన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "నాది ఎట్లా ఉండేదో గుర్తులేదు. ఇదొక్కటే వస్తాంది."

"వేయండి" అంది హైమవతి. "ఆపొద్దు. అదే వేయండి."

పుట్టి తిన్నగా, చురుగ్గా నది దాటింది. ఒడ్డు తగలగానే మౌళి చెయ్యి తనంతట తనే కదిలింది. ఎడమ తెడ్డు ఒక్కటే పడి పుట్టి గిర్రున తిరిగింది. అతను ఆపబోయాడు, ఆపలేకపోయాడు. ఇంకో రౌండు తిరిగింది. వంటింట్లో పొద్దుట వండిన అన్నం ఎప్పుడో చల్లారిపోయింది. దిగమని హైమవతి అనలేదు.